వోటు ఎవరి సొత్తు?

అమెరికా దేశపు అయోవా రాష్ట్రమున ఉత్తరపు సరిహద్దు చెంత క్రెస్కో యను చిన్న పట్టణము కలదు. 2020 జనగణన నాటికి అందలి జనులు 4 వేలకు లోపు. చుట్టును మొక్కజొన్న, సోయాచిక్కుడు చేలు. పూర్వము మన తాలూకాల కుండినట్లు, హోవర్డు కౌంటి కిది ముఖ్యస్థానము. ఇంత చిన్న ఊరితో మనకేమి పనియని పాఠకు లడుగవచ్చును. పని కలదు. ప్రజాపరిపాలనమున వోటు ఎవరి సొత్తు అను ప్రశ్నకు ఈ ఊరి చరిత్ర మంచి యుదాహరణము.

2012 ఎన్నికలలో హోవర్డు కౌంటి ప్రజలు నూటికి ఇంచుమించు 60 వోట్లు డెమొక్రాటు కక్షివారగు ఒబామాగారి కిచ్చిరి. 2016 లో నూటికి 57 వోట్లు రిపబ్లికను కక్షివారగు ట్రంపుగారి కిచ్చిరి. ఒక ఎన్నికలో ఒబామాగారిని నూటికి 20కి మించిన ఆధిక్యముతో గెలిపించి, మరుసటి ఎన్నికలో ట్రంపుగారిని సయితము అట్టి ఆధిక్యముతోనే గెలిపించిన కౌంటి ఆ దేశమంతట ఇదియొక్కటే. ఒబామాగారిని రెండు మారులు బలపరచి పిదప ట్రంపుగారివైపు తిరిగిన కౌంటీలు మొత్తము 206; అందు 31 అయోవాలోనివే.

దీనికి వర్ణద్వేషమే కారణమని కొందరనిరి. హోవర్డు కౌంటిలో తెల్లవారే మిక్కిలి హెచ్చు. అయినను ఆ ప్రదేశమే నల్లజాతి నాయకునికి రెండు మారులు జయమిచ్చినది గదా! అజ్ఞానమే కారణమని మరికొందరనిరి. 2008 లోను, 2012 లోను వివేకవంతులైనవారు 2016 లో అవివేకు లెట్లయిరో వారు చెప్పవలెను. క్రెస్కో సమీపముననే 1914 లో నార్మన్ బోర్లాగుగారు జన్మించి, ఆ ఊరి ఉన్నత పాఠశాలలోనే చదివిరి. ఆయన మెక్సికోలో రూపొందించిన పొట్టి గోధుమ విత్తనమునే 1966 లో మన దేశము 18 వేల టన్నులు కొని తెచ్చుకొన్నది. అట్టి ఊరిని అజ్ఞానులదని త్రోసివేయుట మనకు తగదు.

మా యభిప్రాయమున ఆ ప్రజలు కోరినది రెండు మారులును ఒక్కటియే: మార్పు. హోవర్డు కౌంటి జనసంఖ్య 1900 లో 14 వేలు దాటియుండెను. 2020 లో 9,469 మాత్రమే. యంత్రములు వచ్చి కమతములు పెద్దవైన కొలదిని సేద్యమునకు కావలసిన చేతులు తగ్గినవి. చదువుకొన్న యువకులు నగరములకు పోయిరి. ఇట్లు క్షీణించుచున్న ఊరివారు మార్పు తెచ్చెదనన్న వారిని ఒకమారు నమ్మిరి. అది తమ గడప త్రొక్కలేదని తోచినప్పుడు మరియొకరిని నమ్మిరి. ఇది చంచలత్వము కాదు, ప్రజాధికారమే.

అయితే అసలు విచారము పిమ్మటి కథలో నున్నది. 2018 లో అమెరికా సుంకములకు ప్రతిగా చైనా ఆ దేశపు సోయాచిక్కుడుపై నూటికి 25 వంతున సుంకము విధించెను. ప్రభుత్వము రైతులకు నష్టపరిహారమిచ్చిన మాట నిజమే గాని, రైతు కోరునది దానము కాదు, ధర. అయినను 2020 లోను, 2024 లోను హోవర్డు కౌంటి రిపబ్లికను పక్షముననే మునుపటికంటె గట్టిగా నిలిచినది. మరొకవైపున, 1972 మొదలు అభ్యర్థుల నిర్ణయములో అయోవాకు ప్రథమస్థానమిచ్చుచు వచ్చిన డెమొక్రాటు కక్షి, 2024 లో ఆ స్థానమును దక్షిణ కరోలినా కిచ్చివేసెను. ఒక కక్షి ఈ వోటు మనదేయని నిశ్చింతగా నున్నచో, రెండవది మనది కాదని ఆశ వదలుకొన్నచో, ఆ ఊరి మొర నాలకించు వారెవ్వరు?

విశ్వాసముతో ఒక పక్షమున నిలుచుట దోషమని మేమనము. ఆ హక్కు ప్రతి పౌరునికిని కలదు. కాని తన వోటు మారదని ఇరుపక్షములును ఎరిగిన చోట బేరము లేదు. బేరము లేనిచోట ఆదరణయు నుండదు. 2008 నాటికి, 2016 నాటికి ఈ ఊరికి ప్రాముఖ్య మెందువలన వచ్చినది? అది ఎటుపోవునో ముందుగా ఎవరికిని తెలియకపోవుటవలననే గదా!

ఈ గ్రామము ఫలానా కక్షిది, ఈ కులము ఫలానా నాయకునిది యని ఎన్నికలకు ముందే పద్దు వ్రాసికొను అలవాటు మన దేశముననున్నది. అట్టి లెక్కలు వ్రాయువారికిని, ఆ లెక్కలో చేరి తృప్తినొందువారికిని క్రెస్కో చరిత్రను మనవి చేయుచున్నాము. వోటు కక్షులకు దాఖలుపడిన ఇనాము కాదు. ఎన్నిక యెన్నికకును ప్రజల వాకిటికి వచ్చి, చేసిన పనికి జవాబు చెప్పి, అడిగి పొందవలసినది. అట్లు అడుగవలసిన యవసరము కక్షులకు కలిగించుట ప్రజల చేతిలోనే యున్నది.