వక్ఫు ధర్మములు - పోర్టలు లెక్కలు

దాత యొకసారి భగవంతుని పేర నర్పించిన యాస్తి క్రయవిక్రయములకు లోనుగాక, దాని యాదాయము మసీదునకు, పాఠశాలకు, బీదసాదలకు శాశ్వతముగ వినియోగపడవలెనన్నది వక్ఫు ధర్మమునకు మూలము. ముతవల్లీలు అట్టి యాస్తుల వివరములను, జమాఖర్చులను న్యాయస్థానమునకు సమర్పింపవలెనని 1923 సంవత్సరపు చట్టమే విధించినది. 1954, 1995 సంవత్సరముల చట్టములును రిజిస్టరును కోరినవే. అయినను కాగితముమీది లెక్క యొకటి, భూమిమీది యనుభవ మొకటిగా నుండుట మన పాఠకులకు క్రొత్త విషయము కాదు. దేవాలయ మాన్యములకును ఈ రోగము తప్పలేదు.

కేంద్ర ప్రభుత్వమువారు 2025 జూన్ 6వ తేదీన 'ఉమీద్' పోర్టలును ప్రారంభించిరి. వక్ఫు ఆస్తుల వివరముల నన్నిటిని ఆరు నెలలలో నందు చేర్పవలెనని గడువు పెట్టిరి. ముతవల్లీ వివరముల నెక్కించును; వక్ఫు బోర్డు ఉద్యోగి సరిచూచును; ప్రభుత్వాధికారి యామోదించును. ఈ యేర్పాటును మేము నిరసింపము. ఏ భూమి యెవరి స్వాధీనమున నున్నదో, దాని కౌలెంతయో బయటపడినచో ఆక్రమణదారునకును, అవినీతిపరుడగు ముతవల్లీకిని దాగుటకు చోటు తగ్గును.

కాని గడువు ముగియునాటికి తేలినదేమి? పూర్వపు వామ్సీ జాబితాలో 8 లక్షలకు పైగా ఆస్తులుండెను. క్రొత్త పోర్టలులో 2025 డిసెంబరు 6వ తేదీకి ఎక్కింప నారంభించినవి సుమారు 5 లక్షల 17 వేలు; ఆమోదము పొందినవి సుమారు 2 లక్షల 17 వేలు మాత్రమే. గడువును పొడిగించుటకు సుప్రీంకోర్టు డిసెంబరు 1వ తేదీన నిరాకరించి, కావలసినవారు ట్రిబ్యునళ్ల నాశ్రయింపవచ్చునని చెప్పినది.

మిగిలినవానిలో దురాక్రమణకు లోనయినవెన్ని, దస్తావేజు లేని పల్లె ఖబరస్తానులెన్ని యనునది యంత్రము చెప్పజాలదు. తాతల నాటినుండి వాడుకలోనున్న స్థలమునకు కాగితము వ్రాసియుంచినవా రెందరు? అలసుడగు ముతవల్లీని దండించుట న్యాయమే. ఆతని యలసతవలన బీదల కూడు చెడుట మాత్రము న్యాయము కాదు.

కావున బోర్డులవారు కచేరీలలో కూర్చుండక, సర్వేయర్లతో గ్రామములకు పోయి, పెద్దల వాఙ్మూలములను గైకొని, మిగిలిన యాస్తులను చేర్పించుటకు తామే పూనుకొనవలెను. ఏటేట వచ్చిన కౌలెంతయో, బీదలకు చేరినదెంతయో ఆ పోర్టలులోనే యెల్లరకు కనబడునట్లు ప్రకటింపవలెను. ఉమీద్ అనగా ఆశ. సర్వే నంబర్లు నిండినంతమాత్రమున ఆ పేరు సార్థకము కాదు. దాత కోరినట్లు ఆ సొమ్ము బీదవాని యింటికి చేరిననాడే సార్థకమగును.