ఒంటిగా రాణించని గులాబీ

గులాబీల పోటీలో నిర్ణేత ఎదుట సాధారణంగా నిలిచేది ఒక్క పువ్వు. నిటారైన కాడ, తలెత్తిన మొగ్గ, పొర వెంట పొరగా విచ్చే రేకులు అక్కడి కొలమానాలు. ఆ లెక్కన ‘ది ఫెయిరీ’ అనే గులాబీకి దక్కేదేమీ లేదు. దాని పువ్వు రూపాయి బిళ్ల కంటె కొంచెం పెద్దది. రంగు లేత గులాబి. పరిమళం దాదాపు శూన్యం. అయినప్పటికీ 1932లో ఇంగ్లండులో వెలువడిన ఈ మొక్క నేటికీ అనేక దేశాల తోటలలో నిలిచి ఉంది. ఆ కాలంలో బహుమతులు పొందిన పెద్దపూల రకాలలో చాలావాటి పేర్లు కూడా ఇప్పుడెవరికీ గుర్తులేవు.

ఫెయిరీని ఒక్క పువ్వుగా చూడరాదు. ఒక్కొక్క కొమ్మ చివర పదుల సంఖ్యలో పువ్వులు గుత్తిగా వస్తాయి. పది మొక్కలను ఒక మడిలో నాటితే ఆకు కనబడనంతగా పూత కమ్ముకుంటుంది. పాలియాంథా అనే దాని తెగ పేరుకు గ్రీకులో ‘పెక్కు పువ్వులు’ అని అర్థం.

ఆ తెగ పుట్టుక విచిత్రమైనది. తూర్పు ఆసియాకు చెందిన మల్టీఫ్లోరా గులాబీ విపరీతంగా పూస్తుంది. కాని ఏడాదికి ఒకేసారి, అదీ తీగెగా పాకి. చైనా గులాబీ పొట్టిది, మాటిమాటికీ పూస్తుంది. ఈ రెండింటి సంకరంలో మొదటి తరం పిల్లలు నిరాశ కలిగిస్తాయి. అవన్నీ ఒక్కసారి పూచే తీగెలే. మళ్లీమళ్లీ పూచే గుణం ఆ తరంలో అణగి ఉంటుంది. వాటి గింజలను విత్తినప్పుడే రెండవ తరంలో కొన్ని మొక్కలలో ఆ గుణం పైకి వస్తుంది. మొదటి తరాన్ని పెరికి పారవేసే తొందరపాటు మనిషికి పాలియాంథా దక్కదు. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో గియో అనే గులాబీ సాగుదారు 1870ల దశకంలో వెలువరించిన తెల్లని ‘పాకెరెట్’ను ఈ తెగలో మొదటిదిగా లెక్కిస్తారు.

తరువాత కొన్ని దశాబ్దాలు పూలమడులలో పాలియాంథాలదే రాజ్యం. వాటికొక లోపం ఉండేది. ఎర్రని, నారింజవన్నె రకాలు ఉన్నట్టుండి పాత రంగుకు తిరిగిపోయేవి. ఒకే పొదలో రెండు రంగుల కొమ్మలు కనబడేవి. ఇంతలో డెన్మార్కులో పౌల్సెన్ కుటుంబం పాలియాంథాలను పెద్దపూల గులాబీలతో కలిపింది. 1924 నాటి ‘ఎల్సె పౌల్సెన్’ వంటి రకాల నుంచి ఫ్లోరిబండా తెగ విస్తరించింది. గుత్తీ ఉంది, పువ్వూ పెద్దది. ఇక చిన్నపూల మొక్క ఎవరికి కావాలి?

ఫెయిరీ వచ్చింది సరిగ్గా ఆ గడ్డుకాలంలోనే. ఎసెక్స్ మండలంలోని హేవరింగ్ గ్రామంలో జోసెఫ్ పెంబర్టన్ అనే మతాచార్యుడు గులాబీలను సృష్టించేవాడు. 1926లో ఆయన మరణించాక, ఆయన వద్ద పనిచేసిన బెంటాల్ దంపతులు ఆ పనిని కొనసాగించారు. ఫెయిరీ సృష్టికర్తగా చెప్పుకునే పేరు భార్య ఆన్ బెంటాల్‌ది. గులాబీల పేర్లలో స్త్రీలకు కొదువ లేదు. ‘డొరతీ పెర్కిన్స్’ ఒక నర్సరీ యజమాని మనుమరాలు. గులాబీలను సృష్టించినవారి జాబితాలో మాత్రం ఆ రోజుల్లో స్త్రీ పేరు వెదకి పట్టుకోవలసినదే.

ఫెయిరీ తల్లిదండ్రులెవరన్నది ఇంకా వివాదమే. ‘పాల్ క్రాంపెల్’, ‘లేడీ గే’ల సంకరమని ఒక మాట. కాదు, ‘లేడీ గొడైవా’ అనే తీగె గులాబీలో ఒక కొమ్మ గుణం మారి పుట్టిందని మరొక మాట. నిగనిగలాడే ఆ చిన్న ఆకులను, వంగి నేలకు వాలే కొమ్మలను చూస్తే తీగె గులాబీల రక్తం ఉన్నదని మాత్రం ఒప్పుకోక తప్పదు.

దీని ఓర్పుకు మంచి సాక్ష్యం చల్లని ఇంగ్లండు కాదు, వేడి టెక్సస్. అక్కడి ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం పురుగుమందులపై ఆధారపడకుండా పెరగగల గులాబీలను ఎంచి ‘ఎర్త్-కైండ్’ అని పేరిచ్చింది. వాటిలో ఫెయిరీ ఒకటి. మండుటెండలో పువ్వు వెలిసి తెల్లబడుతుంది. చలి తగిలితే రంగు చిక్కనవుతుంది. అందుచేత భారతదేశపు మైదానాలలో దీని అందం చూడవలసినది శీతకాలంలోనే. వేసవి పొడిగాలికి ఎర్రనల్లి పట్టే ప్రమాదం ఉంది. ఆకుల అడుగుభాగం తడిసేలా నీటిని గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది.

మొక్క మోకాలెత్తుకు కొంచెం పైన ఆగి, ఎత్తు కంటె వెడల్పుగా పరుచుకుంటుంది. కాబట్టి బాట అంచున నాటేటప్పుడు మొక్కకూ మొక్కకూ రెండడుగుల దూరం, బాటకు అడుగున్నర ఎడం ఉంచాలి. లేకుంటే ముళ్లు నడిచేవారి బట్టలు పట్టుకుంటాయి. రోజుకు ఐదారు గంటల ఎండ, నీరు నిలవని నేల చాలు. ఉత్తరాది మైదానాలలో కత్తిరింపుకు అదను అక్టోబరు నడిమి రోజులు.

అంటు కట్టిన గులాబీలలో అడుగు మొక్క పిలకలు లేచి పై మొక్కను మింగివేయడం తోటమాలులకు తెలిసిన బెడదే. ఫెయిరీకి ఆ అంటు అవసరం లేదు. పూత వాడిన కొమ్మ నుంచి జానెడు ముక్క కోసి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో సగం వరకు గుచ్చి నీడన ఉంచితే కొన్ని వారాలలో సొంత వేళ్లు పోసుకుంటుంది. ఒక్క పొద ఉన్న ఇంటివారు రెండేళ్లలో బాట పొడవునా నాటుకొని, పొరుగువారికి కూడా నాలుగు మొక్కలు ఇవ్వగలుగుతారు.