ఎంబీబీఎస్ తొలి ఏడాది.. మార్కుల కన్నా ముందు

ఎంబీబీఎస్ సీటొచ్చిన గూడూరు పిల్లలు నెల్లూరు ఏసీఎస్‌ఆర్‌కో, తిరుపతి ఎస్వీ వైద్య కళాశాలకో బయల్దేరుతుంటే ఇంట్లో పండగే. అసలు కష్టం హాస్టల్లో చేరాకే తెలుస్తుంది.

నీట్‌లో నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తిస్తే సరిపోయింది. ఇక్కడ అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ జవాబులు పేజీలకొద్దీ రాయాలి, వైవాలో నోటితో చెప్పాలి. అందుకే ఇంటర్ టాపర్లకూ తొలి ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గొచ్చు. తెలివి తగ్గి కాదు, చదివే పద్ధతి మారినందువల్ల. ఏ రోజు పాఠం ఆ రోజే చదవడం, సబ్జెక్టుకు ఒకే పుస్తకాన్ని నమ్ముకోవడం, బొమ్మలు గీసి రాయడం అలవాటైతే కుదురుకుంటారు. థియరీకి 75, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు తప్పనిసరి.

తల్లిదండ్రులూ.. ఫోన్లో ‘మార్కులెన్ని?’ అనే ముందు ‘తిన్నావా? నిద్ర పడుతోందా?’ అని అడగండి. ‘చదవలేకపోతున్నా’ అంటే ‘నీకోసం ఎంత ఖర్చుపెట్టామో తెలుసా’ అనకండి. ఆ ఒక్క మాటతో బిడ్డ ఇక ఏదీ చెప్పడు. ర్యాగింగ్ ఎదురైతే 1800-180-5522కు, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.

తప్పిన పరీక్ష సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. ఇంట్లో చెప్పుకోలేక బిడ్డ కుంగిపోతే ఆ నష్టం పూడ్చలేం.