వచ్చిన కుర్రాళ్లను రైతులుగా లెక్కేశామా?

మన మీటింగుల్లో ప్రతిసారీ ఒక మాట వినబడుతుంది: "కుర్రాళ్లు పొలం వైపు చూడటం లేదు." నేనూ చాలాసార్లు అన్నాను. మా వాడి సంగతి చూశాక ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

మా అబ్బాయి డిగ్రీ చదివి హైదరాబాదులో చిన్న ఉద్యోగం చేసేవాడు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి ఇక తిరిగి పోలేదు. మా ఎకరంన్నర చాలదని ఊళ్లో మూడెకరాలు కౌలుకు తీసుకున్నాడు. ఎకరానికి 22 బస్తాలు, అంతా నోటిమాటే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి పడిపోయి నీళ్లలోనే మొలకెత్తింది. మిగిలింది కోసి గట్టుకు మోసింది మావాడు. అప్పుకు వడ్డీ కడుతున్నదీ మావాడే. ఈ-క్రాప్‌లో పేరు మాత్రం భూయజమానిది. పరిహారం ఆయన ఖాతాలోనే పడింది.

కార్డు ఎందుకు లేదంటారా? 2011 నాటి చట్టం కింద కౌలుదారు గుర్తింపు కార్డుకు యజమాని సంతకం తప్పనిసరి కాదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ సంతకం ఉండాల్సిందేనంది. సంతకం పెడితే భూమి పోతుందని యజమానికి భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలుకే ఇవ్వడని మావాడి భయం. తెలంగాణలోనూ అంతే. 2018లో వచ్చిన రైతుబంధు పట్టా ఉన్నవారికే అందింది, దున్నిన కౌలు రైతుకు అందలేదు.

ఇక ఆదాయం చూడండి. 2018-19 కేంద్ర సర్వే ప్రకారం దేశంలో రైతు కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంటల మీద వచ్చింది 3,798 మాత్రమే. ఉత్పత్తి ఖర్చుకు 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వమని స్వామినాథన్ కమిషన్ చెప్పి ఇరవై ఏళ్లవుతోంది. ఆ ధర లేకుండా యువతకు డ్రోన్లు, స్టార్టప్‌లు అని ఎంత చెప్పినా చెవికెక్కదు. వ్యవసాయం చేసే కుర్రాడికి పిల్లనివ్వడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రాకపోవడానికి కారణం కూడా ఇదే.

తప్పంతా ప్రభుత్వానిదేనని చేతులు దులుపుకోలేం. పాస్‌బుక్కు మన బీరువాలో, లెక్కల పుస్తకం మన చేతిలో, పని మాత్రం పిల్లల నెత్తిన. ఏ పంట వేయాలో వాళ్లను అడుగుతున్నామా? మన గ్రామ కమిటీల్లో ముప్పై ఏళ్లలోపు వాళ్లు ఎందరున్నారు? పొలంలో మగవాళ్లకంటే ఎక్కువ పని చేసే కోడళ్లు, కూతుళ్లు ఎందరున్నారు?

అందుకే నా ప్రతిపాదన ఇది. ఈ సీజన్ నాట్లు పూర్తయ్యేలోగా ప్రతి గ్రామ కమిటీ ఊళ్లో నిజంగా సాగు చేస్తున్న యువతీ యువకుల పేర్లు, సర్వే నంబర్లతో సహా రాయాలి. ఆ జాబితాతో తహసీల్దారు దగ్గరకు వాళ్లనే ముందు నడిపించి, మనం వెనక నిలబడాలి. యజమాని సంతకంతో పనిలేని కార్డు కావాలని అడగాలి.

మావాడు ఈ ఏడు కూడా నారు పోశాడు. వచ్చే ఏడు పోస్తాడని మాత్రం నేను హామీ ఇవ్వలేను.