పొలం కింద పైపు, దాని చిట్టా ఎవరి దగ్గర?

ఘాలాలో పైపు వెల్డింగ్ చేసే మనవాళ్ళని అడగండి. ఏ జాయింటు ఎవరు వేశారో, ఎక్స్‌రే ఎప్పుడు తీశారో అన్నీ కాగితం మీద ఉండాలి. విసుగే! కానీ ఆ విసుగు విలువ 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో తెలిసింది. పొడి గ్యాసు కోసం వేసిన గెయిల్ పైపులో నీరు, ద్రవాలు కలిసిన గ్యాసు పంపారు. పైపు తుప్పు తినేసింది, పేలి 20 మందికి పైగా మరణించారు. వాసన వస్తోందని ముందే చెప్పామన్నారు ఊరివాళ్ళు. ఆ మాట ఏ రిజిస్టరులో ఎక్కింది?

అమెరికాలో పెట్రోలు వంటి ప్రమాదకర ద్రవాల పైపుకి చేసిన ప్రతి మరమ్మతు తేదీ, చోటు, వివరం ఆ పైపు వాడుకలో ఉన్నంతకాలం భద్రపరచాలని నిబంధన.

విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదుకు పెట్రోలు, డీజిలు వెళ్ళే పైపు కూడా మన పొలాల కిందే ఉంది. 1962 చట్టం కింద భూమి వాడుక హక్కు తీసుకుంటున్న కంపెనీలు మరమ్మతుల చిట్టా నకలు పంచాయతీలో ఎందుకు పెట్టరాదు? దొంగలకు తెలుస్తుందంటారేమో. పైపు ఇక్కడుందని పొలంలో బోర్డులు పాతింది వాళ్ళే కదా!

సమాచార హక్కు దరఖాస్తుకి రుసుము 10 రూపాయలు. మస్కట్‌లో ఉన్న భారత పౌరులూ అడగవచ్చు.