మనకు గుర్రమెక్కిన రాజు కావాలా?

ఈ మధ్య ప్రతి కులానికీ ఒక రాజు కావాల్సొచ్చాడు. కత్తి దూసిన విగ్రహం ఊరి సెంటర్లో లేస్తే చాలు, ఆ కులం గొప్పదైపోయినట్టే. మన కుర్రాళ్లూ మమ్మల్ని అడుగుతున్నారు: 'మాస్టారూ, రాజ్యాలు గెలిచిన వీరుడు మనలో ఒక్కడూ లేడా?'

తప్పు వాళ్లది కాదు. గెలిచినవాడే గొప్పవాడని పురాణం నుంచి బడి పుస్తకం దాకా నూరిపోశారు. అలెగ్జాండరు ఏయే దేశాలు గెలిచాడో పిల్లల్ని అడుగుతాం. ఆ దేశాల్లో ఎవరు చచ్చారో అడగం.

మరి ఏ విజేతను తలుచుకోవాలి? క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో అశోకుడు కళింగం మీద దండెత్తి గెలిచాడు. గెలిచిన రాజులు బండల మీద పొగడ్తలు చెక్కించుకుంటారు. ఈయన ఏం చెక్కించాడు? లక్ష మంది చచ్చారు, లక్షా యాభై వేల మందిని పట్టుకుపోయాం, అంతకు ఎన్నో రెట్లు మంది ఆ బాధల్లో పోయారు, అందుకు నాకు దుఃఖంగా ఉందని. అదే 13వ శిలాశాసనం. చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్ట మీద ఉంది.

ఇలాంటివాడికి పురాణాలు ఇచ్చిన చోటెంత? మౌర్య రాజుల వరసలో ఒక పేరు, అంతే. ఆయన కథను బౌద్ధులు కాపాడారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి చదివాకే ఆ బండలు మాట్లాడాయి. 1956 అక్టోబరు 14న, అశోక విజయదశమి నాడు, బాబాసాహెబ్ నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. ఆయుధాలకు పూజచేసే దసరా పండగ, కత్తి దించినవాడి పండగైంది.

అలాగని అశోకుణ్ణీ దేవుణ్ణి చెయ్యొద్దు. కళింగాన్ని ఆయన తిరిగి ఇచ్చెయ్యలేదు. అదే శాసనంలో అడవి జనాన్ని హెచ్చరించాడు కూడా. కళింగంలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఈ 13వ శాసనం లేదు! ఎవరి కొంపలు కూలాయో వాళ్లకే ఆ మాట చెప్పలేదు. చచ్చినోళ్ల లెక్క చెప్పాడు గానీ, పేరు ఒక్కటీ చెప్పలేదు.

పేర్లు చెప్పే రాయి భీమా కోరేగావ్‌లో ఉంది. 1818 జనవరి 1న పీష్వా సైన్యాన్ని ఎదిరించి చనిపోయిన కంపెనీ సిపాయిల పేర్లు దాని మీద చెక్కారు. అందులో 22 మహార్లవి. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికెళ్లారు. ఏటా మన జనం వెళ్లేది దొరల కోసం కాదు, ఆ పేర్ల కోసం. దొరలు చేసిందేమిటి? గెలిచి, స్తంభం కట్టి, 1890ల్లో మహార్లను సైన్యంలోకి తీసుకోవడమే మానేశారు.

కాబట్టి సోదరులారా, ఏ విజేత విగ్రహం ముందైనా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఆయన కోసం ఎవరు చచ్చారు? ఎవరి భూమి పోయింది? గెలిచాక వాడలో బతుకు మారిందా? జవాబు లేనివాడు ఎంత పెద్ద గుర్రమెక్కినా మనకేం కాడు.

ఈసారి దసరాకు పిల్లల్ని ఎర్రగుడి తీసుకెళ్దాం. ఆ బండ ముందు నిలబెట్టి, గెలిచినవాడు తల వంచితే చరిత్రలో ఎలా నిలుస్తాడో చూపిద్దాం.

జై భీమ్!