రెండవ దంతధావనము

తెలుగువారి యిండ్లలో తెల్లవాఱగానే జరుగు పనులలో మొదటిది పండ్లు తోముకొనుట. ముఖము కడుగని బిడ్డకు తల్లి పాలయినను ఇవ్వదు. "పాచిమొగముతో వంటింటిలోనికి రాకు" అను మందలింపు వినని బాలుడు మనలో అరుదు. కాఫీ వచ్చినను, టీ వచ్చినను, ఈ యాచారము చెడలేదు. మనకు గల మంచి అలవాట్లలో దీనిని నేను మొదటి వరుసలో ఉంచుదును.

కాని ఆ యింటిలోనే రాత్రి భోజనమైన పిదప ఏమి జరుగును? చేయి కడుగుకొందురు. ఒక గ్రుక్కెడు నీళ్లు పుక్కిలింతురు. అరటిపండో, మిఠాయిముక్కయో నోట వేసికొందురు. పిల్లలకు పాలలో చక్కెర కలిపి యిత్తురు. పడుకొందురు. నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలలో పనిచేసితిని. ఏ తరగతిలో అడిగినను ఉదయము పండ్లు తోముకొనువారి చేతులన్నియు లేచెడివి. రాత్రి తోముకొనువారెవరని అడిగినచో రెండు మూడు చేతులకంటె ఎక్కువ లేచెడివి కావు. లేచిన ఆ చేతులును, తోటివారు నవ్వుదురేమో యని మెల్లగా దిగిపోయెడివి. దంతధావనము రెండు వేళల చేయవలసినదే. అయినను రెంటిలో దేనిని విడిచినచో పంటికి ఎక్కువ చేటు అని నన్నడిగినయెడల, రాత్రి వేళ దానిని అని నిస్సంశయముగా చెప్పుదును. మనము విడిచినది సరిగా దానినే.

కారణము చెప్పెదను. మన పండ్లపై ఎల్లప్పుడును ఒక జిగురుపొర పేరుకొనుచుండును. దానికి తెలుగున పాచి యను చక్కని మాట కలదు. చెఱువుమెట్లమీది పాచివలెనే ఇదియు జీవము గలది. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఇందులో లెక్కకు మిక్కిలిగా కాపురముండును. మనము తిన్న తీపిని అవియు తినును. తిని ఆమ్లమును విడుచును. పంటి పైపొరను పింగాణి అందురు. మన శరీరమున దానిని మించిన గట్టి పదార్థము లేదు. ఎముకయు దానికి చాలదు. అంతటి గట్టిదియు ఆమ్లమునకు కరగును. బెర్లిను నగరమున పనిచేయుచుండిన విలోబీ మిల్లరు అను అమెరికా దేశపు దంతవైద్యుడు 1890లో వెలువరించిన గ్రంథమున ఈ సంగతిని విశదపఱచెను. అంతకుముందు పంటిని పురుగు తొలుచునని అనేక దేశములలో నమ్మిరి. నా చిన్ననాడు మా ప్రాంతపు సంతలలో వాకుడుగింజల పొగ పట్టి, పంటినుండి పురుగులు రాలినవని చూపి డబ్బులు పుచ్చుకొనువారుండిరి. రాలినవి ఏవైనను, పంటిలోనివి మాత్రము కావు.

ఆమ్లము చేయు నష్టమును సరిదిద్దు పనివాడు మన లాలాజలము. అది ఆమ్లమును పలుచన చేసి కడిగివేయును. కరగిన సున్నపు లవణములను తిరిగి పంటికి చేర్చును. ఈ మరమ్మతు రోజంతయు మనకు తెలియకయే జరుగుచుండును. అయితే నిద్రలో లాలాజలము ఊరుట మిక్కిలి తగ్గిపోవును. కావున తీపి తిని, తోముకొనక పడుకొన్నవాని నోటిలో సూక్ష్మజీవులు, కాపలా లేని చేనిలో పడిన పశువులవలె తెల్లవాఱువఱకు మేయును.

రాత్రి తోముట పాశ్చాత్యుల అలవాటని కొందఱు పెద్దలు తేలికగా త్రోసిపుచ్చుట నేను విన్నాను. అది సరికాదు. చరకసంహిత సూత్రస్థానమున దంతధావనము రెండు వేళల చేయవలెనని యున్నది. పుల్ల కొసను నలుగగొట్టి మెత్తన చేయవలెననియు, చిగుళ్లకు బాధ కలుగనీయరాదనియు, నాలుక గీచుకొను బద్దకు వాడి యుండరాదనియు కూడ అందు చెప్పబడినది. పూర్వులు చెప్పిన రెంటిలో ఒకటి నిలుపుకొని రెండవదానిని జారవిడిచితిమి. జారవిడిచిన దానికే పరాయిదని పేరు పెట్టితిమి.

ఇంకొక వాదము కలదు. "మా తాత బ్రష్షు మొగ మెఱుగడు. ఎనుబదియవ యేట చెఱకుగడ కొఱికెను" అని గర్వముగా చెప్పువారు ప్రతి యూరను ఉందురు. ఉండవచ్చును. కాని ఆ తాత తిన్నదేమి? జొన్నసంకటి, రాగి అంబలి, పప్పు, కూర. తీపి యనగా సంక్రాంతికి అరిసె, ఉగాదికి బొబ్బట్టు. నేటి బాలునకు ఉదయము పాలలో చక్కెర, బడిసంచిలో బిస్కత్తులు, విరామమున చాక్లెట్టు, సాయంకాలము సీసాలోని తీయని రంగునీరు, చదువుకొనుచు మరల బిస్కత్తు. తీపి నోట పడిన ప్రతిమాఱును పంటిపై ఆమ్లపు దాడి సుమారు అరగంట సాగును. ఒక్క పూట కూర్చుండి నాలుగు లడ్లు తిన్నవాని పండ్లకంటె, గంటకొక చాక్లెట్టు చప్పరించువాని పండ్లకు ఎక్కువ ముప్పు. పండుగనాటి పిండివంటలపై నాకు విరోధము లేదు. అరిసెలు మానుమని వ్రాయుటకు నా కలము సాగదు. వేళగాని వేళ, మాటిమాటికి నమలు తీపియే మన శత్రువు.

అదియునుగాక, చెఱకు కొఱికిన తాతను అందఱును చెప్పుకొందురు. బోసినోటితో పప్పుకట్టు జుఱ్ఱిన తాతలను ఎవరు లెక్కించిరి? "పండ్లున్నవానికి పప్పులు లేవు, పప్పులున్నవానికి పండ్లు లేవు" అను సామెత ఊరక పుట్టలేదు.

వేపపుల్ల మంచిదా, బ్రష్షు మంచిదా అని పిల్లలు నన్ను తఱచు అడిగెడివారు. వేపపుల్లనైనను, కానుగపుల్లనైనను కొస మెత్తగా నమిలి, ఓపికతో తోముకొన్నచో దోషము లేదు. తరువాత దానినే రెండుగా చీల్చి నాలుకబద్దగా వాడుకొను నేర్పు నాకెంతో ఇష్టము. కాని వెనుకటి దవడపండ్ల లోపలి ప్రక్కకు పుల్ల చక్కగా అందదు. పుచ్చు పట్టునది తఱచు అక్కడనే. అందుచేత మెత్తని కుచ్చుగల బ్రష్షునే నేను మేలందును. బఠాణిగింజంత ఫ్లోరైడు పేస్టు చాలును. రెండు నిమిషముల కాలము పట్టవలెను. కుచ్చు చెదరిన బ్రష్షును మార్చవలెను. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఇసుక, ముగ్గుపిండి అనువానితో ఇత్తడిబిందెను తోమినట్లు తోమరాదు. అరిగిపోయిన పింగాణి మరల పెరుగదు. కొన్ని పండ్లపొడులలో పొగాకు కూడ కలిపెడివారు. భారత ప్రభుత్వము 1992లో పండ్లపొడులందును, పేస్టులందును పొగాకు కలుపుటను నిషేధించినది. అయినను నశ్యముతో చిగుళ్లు రుద్దుకొను అలవాటు గల పెద్దలు నేటికిని కలరు. వారికి మీరు చెప్పినచో, మేము చెప్పినదానికంటె ఎక్కువగా విందురు.

తోముకొనునప్పుడు చిగుళ్లనుండి రక్తము వచ్చినచో చాలమంది భయపడి, ఆ తావున తోముట మానివేయుదురు. చేయవలసినది దీనికి వ్యతిరేకము. అక్కడ పాచి నిలిచినందుననే చిగురు వాచి రక్తము చిమ్మును. మెత్తగా, విడువక తోముచుండిన కొలదిదినములలో సాధారణముగా అది తగ్గును. తగ్గనిచో వైద్యునకు చూపవలెను. పాచి గట్టిపడిన దానిని గార అందురు. అది బ్రష్షునకు లొంగదు; దంతవైద్యుడే తీయవలెను. గార తీయించినచో పండ్లు వదులగునని ఒక అపోహ కలదు. గార పోయిన తరువాత కనబడు సందులు గార ఆక్రమించుకొనియుండిన తావులే.

ఇక మీ వయసువారికి ముఖ్యమైన సంగతి. పాలపండ్లు ఇరువది, స్థిరమైన పండ్లు ముప్పదిరెండు. సుమారు ఆఱవ యేట, పాలపండ్ల వరుసకు వెనుక, ఏ పన్నును ఊడకయే, నాలుగు పెద్ద దవడపండ్లు చడిచప్పుడు లేక మొలచును. పన్ను ఊడనందున తలిదండ్రులు వానినికూడ పాలపండ్లే యనుకొందురు. అది పుచ్చినప్పుడు "ఎటులైనను ఊడిపోవు పంటికి వైద్యమేల?" అందురు. ఆ పన్ను ఊడినచో మరల రాదు. ఆఱేండ్లవాడు సరిగా తోముకొనలేడు. అది నోటిలో చిట్టచివర నుండును. దాని నమలు ముఖము గాడులతో నిండియుండును. ఇన్ని కారణములచేత ముప్పదిరెంటిలో మొదట చెడునది తఱచు అదియే. మీరు వెలుతురులో అద్దము పట్టుకొని చూచుకొనుడు. గాడిలో నల్లని మచ్చయో, చిన్న గుంటయో ఉన్నచో, నొప్పి లేకున్నను దంతవైద్యునకు చూపించుకొనుడు. ఈ దశలో తొలిచి సిమెంటు పెట్టించినచో పన్ను నిలుచును. మన వారు నొప్పికై కాచుకొందురు. నొప్పి వచ్చుననగా పుచ్చు లోపలి నరమును సమీపించినదన్నమాట. లవంగనూనె బాధను మరపించును గాని గుంటను పూడ్చదు. తుదకు పన్ను తీయించుటకు పోదురు. అప్పుడును, పైపన్ను తీసినచో కంటిచూపు తగ్గునని వెనుదీయుదురు. పంటి నరము వేఱు, కంటిచూపు నరము వేఱు. కన్ను మసకలైనచో ఆ వారమే వైద్యుని వెదకువారు పంటి విషయమున ఏండ్లు గడుపుట నాకు వింతగా తోచును.

పండ్లు నమలుటకే కావు. త, థ, ద, ధ, న, ల, స అను వర్ణములను వ్యాకరణమున దంత్యములందురు. చలి, జడ యను మాటల మొదటి యక్షరములనుకూడ తెలుగున దంత్యములుగానే పలుకుదుము. ముందుపండ్లు పోయినవాడు పద్యము చదువగా వినినవారికి ఈ పేరులోని యర్థము వెంటనే బోధపడును.

పండ్లపై మచ్చలన్నియు అశుభ్రతవలన కలుగునవి కావు. ఈ మాట ఉపాధ్యాయులు కూడ వినవలెను. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలోని పెక్కు గ్రామముల బావినీటిలో ఫ్లోరైడు మితిమీరి యుండెను. నాటి మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లా ప్రాంతమున ఈ వ్యాధి గలదని షార్టు మొదలగు వైద్యులు 1937లోనే ప్రకటించిరి. ఫ్లోరైడు కొలదిగా తగిలినచో పంటికి బలము. త్రాగునీటిలో లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములను మించినచో హాని. పన్ను చిగురు లోపల తయారగుచుండగనే మచ్చపడును. అది బయటికి వచ్చునప్పటికే పసుపురంగో, గోధుమరంగో పట్టియుండును. ఎంత తోమినను పోదు. ఒక పాఠశాలలో అట్టి గ్రామమునుండి వచ్చిన బాలిక పాఠము చదువునప్పుడెల్ల పుస్తకమును నోటికి అడ్డము పెట్టుకొనెడిది. "పండ్లు తోముకొని రమ్ము" అని తరగతిలో అందఱియెదుట ఆమెకు చెప్పబడెను. ఆమె నాటి ఉదయము తోముకొనియే వచ్చినది. మఱునాటినుండి చదువుటకు లేవలేదు. బాగుగా చదువు పిల్ల. ఆమె త్రాగిన నీటికి ఆమెను దోషిని చేయుట ఎక్కడి న్యాయము? అట్టి మచ్చలను తగ్గించుటకును, కప్పుటకును నేడు చికిత్సలు కలవు. అంతకుముందు తోటివారి నవ్వు ఆగవలెను.

పొగాకును గూర్చి చాల చెప్పనక్కఱలేదు. విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములలో కొందఱు స్త్రీలు చుట్ట నిప్పుకొసను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. దానిని అడ్డపొగ అందురు. అట్టివారికి అంగిటిపై కాన్సరు పుట్టుటను వైద్యులు విశేషముగా పరిశీలించిరి. విద్యాలయములకు నూఱు గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. కాని పొగాకు లేని వక్కపొడి పొట్లములను పిల్లలు నిర్భయముగా కొనుచున్నారు. వక్కయే కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన గ్రంథమున నిర్ణయించినది. అంతకుముందే బుగ్గలలోపలి పొర నారవలె గట్టిపడి, నోరు తెఱచుకొనదు. మీ మూడు వ్రేళ్లను నిలువుగా నోట పెట్టి చూచుకొనుడు. వక్క నమలుటకు అలవాటుపడి, ఆ మూడు వ్రేళ్లు పట్టని యువకులను వైద్యులు చూచుచున్నారు.

ఆటలాడు పిల్లలకు ఒక సంగతి చెప్పి ముగించెదను. కబడ్డీలోనో, క్రికెట్టు బంతి తగిలియో స్థిరమైన ముందుపన్ను వేరుతోసహా ఊడిపడినచో, అది పోయినదని పాఱవేయకుడు. వేరును ముట్టుకొనక, పై భాగమును పట్టి తీయుడు. మట్టి అంటినచో నీటిలో ఒక్కమాఱు జాడింపుడు గాని రుద్దకుడు. ధైర్యము గల పెద్దవారున్నచో దాని తావుననే తిరిగి నిలిపి, శుభ్రమైన గుడ్డను కఱపించి తీసికొనిపోవచ్చును. లేనిచో గిన్నెడు పాలలో వేయుడు. ఆటస్థలమునకు సమీపమున పాలు దొరకని యూరు ఉండదు. పాలపన్నయినచో ఈ శ్రమ వద్దు, దానిని తిరిగి నాటరు. స్థిరమైన పన్ను గంటలోపల దంతవైద్యుని చేరినచో మరల నాటుకొనుటకు చాల అవకాశమున్నది. కాగితమున చుట్టి, జేబులో వేసికొని, మఱునాడు తీసికొనిపోయిన పంటిపై ఆ యాశ పెట్టుకొనరాదు.